ఎడమ తలుపు

జనవరి 9

ఈరోజు కూడా అడగలేదు.

పొద్దున్నే బావ షెడ్డుకి వెళ్ళాను. అడుగుదామనే వెళ్ళాను. దారి పొడుగునా మాట కూడగట్టుకున్నాను. "బావా, నీ బండికున్న ఆ ఎడమ తలుపు నాకిచ్చేయ్." ఇంతే కదా. తీరా వెళ్ళేసరికి బావ బండి కింద పడుకుని ఉన్నాడు. కాళ్ళు మాత్రం బయటికి ఉన్నాయి. ముఖం చూసి అడగలేని మాట కాళ్ళని అడగొచ్చు కదా అనుకున్నాను. అదీ నా వల్ల కాలేదు.

"ఎవరూ, మా బావేనా? చప్పుడు చేయకుండా వచ్చి నిలబడేవాడివి నువ్వొక్కడివే. దగ్గవయ్యా కాస్త. గుండె ఆగిపోతుంది."

దగ్గాను.

"ఏం కావాలి? వెనక లైటు అద్దమా?"

తల ఊపాను. బండి కిందున్న మనిషికి తల ఊపితే ఏం కనిపిస్తుంది. అయినా వెనక లైటు ఎర్ర అద్దం నా చేతిలో పెట్టాడు. నాకు దానితో పనిలేదు. ఇంటికొచ్చి, బదులుగా నా డిక్కీ పిడి ఒకటి తీసుకెళ్ళి ఇచ్చి వచ్చాను. ఏదైనా తీసుకుంటే ఆ రోజే ఇంకోటి ఇవ్వాలి. అది మా పద్ధతి.

జనవరి 10

ఇంట్లోనే ఉన్నాను.

జనవరి 18

వీధిలో పిల్లలు నా బండిని చూసి మళ్ళీ అతుకుల బొంత అన్నారు. నిజమే. ఆకుపచ్చ బండికి వెన్నరంగు బానెట్టు, వెన్నరంగు ఎడమ తలుపు. బావది వెన్నరంగు బండి. దానికి ఆకుపచ్చ డిక్కీ, ఆకుపచ్చ ఎడమ తలుపు. రెండూ ఒక కంపెనీవే, ఒక ఈడువే. వీటి సామాను ఇప్పుడు కొట్లలో దొరకదు. ఒకరి దగ్గర పాడైంది ఇంకొకరి దగ్గరినుంచి రావాలి, అంతే.

మార్చుకున్న రేకుకి రంగు వేయకూడదని బావే షరతు పెట్టాడు. బోర్డులు రాసి బతికిన పెయింటరు. రంగు వేసేవాడే వద్దన్నాడు. "ఎవరిది ఎవరి దగ్గరుందో కనపడాలి బావా. లేకపోతే మార్చుకోవడమెందుకు" అన్నాడు. ఇంకో షరతు కూడా ఉంది. ఇచ్చినదాన్ని తిరిగి అడగకూడదు. వాళ్ళంతట వాళ్ళిస్తే పుచ్చుకోవాలి.

ఆ రెండోదానికి నేనే ముందు సరేనన్నాను. అడిగే అలవాటు లేనివాడికి అందులో కష్టమేముంది అనుకున్నాను.

అప్పట్లో బావ తలుపు అడుగున తుప్పు తినేసి, కూర్చున్నవాళ్ళకి కాళ్ళకింద రోడ్డు కనపడేది. వాళ్ళమ్మాయి కూర్చునే పక్క. నా తలుపు గట్టిది. విప్పి ఇచ్చాను. వాళ్ళ తుప్పు తలుపు తెచ్చి కింద కొత్త రేకు అతికి నా బండికి పెట్టుకున్నాను. బస్సుల డిపోలో బతుకంతా రేకు సొట్టలు తీసే టింకరింగ్ చేసినవాడిని, నాకది పెద్ద పని కాదు. 

మా ఆవిడ వచ్చి చూసింది. "నా తలుపు ఇచ్చేశారా? ఈసారి నన్నే ఇచ్చేసి బదులు ఒక బంపరు తెచ్చుకోండి" అంది. నవ్వుతూనే అంది.

ఆ తలుపుకి అద్దం దించే హ్యాండిలు ఉంటుంది. ఎండకి కాలి చేయి పెట్టనిచ్చేది కాదు. దానికి ఆమె ఎర్ర ఊలు చుట్టి కుట్టింది. తలుపు ఇచ్చినప్పుడు ఆ ఊలు తీసుకోవాలని తోచలేదు. తోచాల్సింది.

ఆసుపత్రికి తీసుకెళ్ళిన రోజు ఆమె కళ్ళు మూసుకునే ఉంది. అలవాటుకొద్దీ చేయి హ్యాండిలు వెతుక్కుంటూ వెళ్ళింది. వట్టి ఇనుము తగిలి వెనక్కి తీసుకుంది. ఏమీ అనలేదు. మళ్ళీ ఆ బండి ఎక్కలేదు.

ఊలు ఒక్కటీ అడిగితే సరిపోతుంది కదా అని అప్పుడప్పుడూ అనిపిస్తుంది. అడిగితే ఎందుకంటాడు. ఎందుకో చెప్పాలి.

జనవరి 25

బావ కార్బురేటర్ విప్పుతున్నాడు. పక్కన నిలబడి స్పానర్ అందించాను. పుచ్చుకోలేదు. స్పానర్ ఆయన ముఖానికి ఎడమ పక్క జానెడు దూరంలో ఉంది. నేను పట్టుకుని అలాగే ఉన్నాను.

"ఇస్తావా, లేక దానికీ ముహూర్తం చూడాలా?" అన్నాడు.

కుడి పక్కకి వచ్చి ఇచ్చాను. అప్పుడు పుచ్చుకున్నాడు. కాసేపటికి ఎడమ మోకాలు స్టూలుకి కొట్టుకుని స్టూలుని తిట్టాడు. ఆ స్టూలు ఎన్నేళ్ళనుంచో అక్కడే ఉంది.

తలుపు సంగతి ఈరోజు ఎత్తే సందర్భం కాదు.

ఫిబ్రవరి 2

బావ కూతురు మా ఇంటికి వచ్చింది. కుట్టుపని చేస్తుంది. మెళ్ళో టేపు తీయకుండానే వచ్చేసింది. కుర్చీ వేశాను, కూర్చోలేదు.

"మామయ్యా, ఒక్క మాట అడుగుతాను. నాన్నకి చూపు ఎలా ఉంది?"

"ఏం?"

"మొన్న గుమ్మానికి గుద్దుకున్నారు. కళ్ళ డాక్టరు దగ్గరికి రమ్మంటే, నా కళ్ళు నీ కళ్ళకంటే నయం అంటారు. పాత బండ్లు కొనే ఆయన ఒకాయన వచ్చాడు. బండి మొత్తంగా తీసుకెళ్తాడట. చూపు బాగాలేదంటే ఇచ్చేద్దామనుకుంటున్నాను. బాగుంటే మాత్రం వద్దు. ఆ బండి లేకపోతే ఆయన ఉండలేరు. రోజూ చూసేది మీరే కదా. మీరు చెప్పండి."

"బాగానే ఉంది" అన్నాను.

"నిజంగా?"

"బాగానే ఉందమ్మా."

ఊపిరి పీల్చుకుంది. "మీరు ఎక్కువ మాట్లాడరు కాబట్టి మీరన్న మాటని నమ్ముతాను మామయ్యా. మా నాన్న చెప్పినవాటిలో సగం తీసేయాలి. మీ దగ్గర తీసేయడానికి ఏమీ ఉండదు" అని నవ్వింది.

అబద్ధం చెప్పలేదు. కుడి కన్ను బాగానే ఉంది. బోర్డు మీద అక్షరాలు నాకంటే ముందు చదువుతాడు.

బండి మొత్తంగా, అంది. మొత్తంగా అంటే తలుపులతో సహా.

ఫిబ్రవరి 3

కుడి కన్ను బాగానే ఉంది.

ఫిబ్రవరి 11

ఈ వారంలో ఎలాగైనా అడిగేయాలి. తలుపు నా ఇంటికి చేరాక ఆ అమ్మాయితో చెప్పాల్సింది చెప్తాను. ముందు చెప్తే బండి వెళ్ళిపోతుంది. ఒక వారంలో ఏం మునిగిపోతుంది.

వెళ్ళాను. బావ హుషారుగా ఉన్నాడు. బండి చుట్టూ తిరిగి ఎడమ పక్కకి వచ్చి నిలబడ్డాను. తలుపు కిటికీలోంచి చేయి పెట్టి హ్యాండిలు ముట్టుకున్నాను. ఊలు కాస్త మాసింది. కుట్లు గట్టిగానే ఉన్నాయి.

"ఏంటి బావా, ఆ పక్కే చూస్తున్నావు?"

నోరు తెరిచాను. "అద్దం..." అన్నాను. తలుపు అనబోయి అద్దం అన్నాను. రెండో చేయి ఆనుకుని ఉన్నది దానిమీదే. ఎడమ పక్క, వెనక వచ్చే బండ్లని చూసుకునే అద్దం.

"ఇదా? తీసుకో. అందులో నాకేం కనపడదు. అలంకారానికి ఉంది."

వెంటనే విప్పేశాడు. వద్దనడానికి మా పద్ధతి ఒప్పుకోదు. నా బండికి ఆ పక్క అద్దం విరిగిపోయి చాలా కాలమైంది, బదులు ఇవ్వడానికి అదే వస్తువు లేదు. నా దగ్గరున్న హారన్ ఇచ్చాను. బావ దాన్ని మోగించి చూసి, "నీ నోటికంటే ఇదే నయం" అన్నాడు.

ఫిబ్రవరి 12

అద్దం బిగించాను. వీధి చివరిదాకా కనిపిస్తోంది. కూరల బండి, పాలవాడు, స్కూలు పిల్లలు, అందరూ.

ఫిబ్రవరి 15

బావ బయటికి తిప్పుతానన్నాడు. ఎడమ సీట్లో కూర్చున్నాను. ఆమె తలుపు పక్కన. హ్యాండిలు పట్టుకున్నాను. మార్కెట్టు వరకు బాగానే నడిపాడు. మలుపులో సైకిలుమీద ఒకతను మాకు బాగా దగ్గరగా వచ్చాడు. బావ స్టీరింగు తిప్పుతూనే ఉన్నాడు.

"ఎడమ" అన్నాను.

ఆగాడు. సైకిలతను ఏదో తిట్టి వెళ్ళిపోయాడు.

"చూశానులే" అన్నాడు బావ.

చూడలేదు. నాకు తెలుసు. అయినా నేను పక్కన ఉంటే సరిపోతుంది. ఎడమ పక్కంతా నేను చూసి చెప్తాను. ఆయన నడుపుతాడు. ఇద్దరం కలిసి ఒక మనిషి అవుతాం. శుక్రవారం అమ్మాయి పని లేకుండా ఉంటుంది, ఆ రోజు వెళ్ళి చెప్తాను.

ఫిబ్రవరి 19

నిన్న శుక్రవారం. ముసురు పట్టింది. వెళ్ళలేదు.

ఫిబ్రవరి 20

బావ బండిని పాల వ్యాను గుద్దింది. ఎడమకి తిప్పాడట. ఆ పక్కనుంచి వ్యాను వస్తోంది. వ్యాను అతను హారన్ కొట్టాడట కూడా. అమ్మాయి పక్కన కూర్చుని ఉంది.

బావకి ఏం కాలేదు.

ఫిబ్రవరి 21

అద్దం ఉన్నా ఆయన చూసేవాడు కాదు. ఆయనే చెప్పాడు, అందులో నాకేం కనపడదని.

ఫిబ్రవరి 24

ఆసుపత్రికి వెళ్ళాను. అమ్మాయికి ఎడమ తొడ ఎముక విరిగింది. లోపల కడ్డీ వేసి బిగించారు. మందుకి నిద్రపోతోంది. పడుకున్నా మిషను తొక్కేదానిలాగే కుడి పాదం కొంచెం కదులుతోంది. ఎడమది కదలడం లేదు.

బావ వరండాలో బల్లమీద కూర్చున్నాడు. పక్కన కూర్చున్నాను. ఎడమ పక్క కూర్చున్నాను. చాలాసేపు నన్ను గమనించలేదు. అప్పుడు దగ్గాను.

"వచ్చావా" అన్నాడు.

కాస్త దగ్గరికి జరిగాను.

"ఆ పక్క పోయి చాలా రోజులైంది బావా. కొంచెం కొంచెంగా పోయింది. స్పానర్ పట్టుకుని నువ్వు నిలబడ్డావు చూడు, ఆ రోజు అనుకున్నాను, మా బావ కనిపెట్టేశాడని. రేకు మీద వేలు పెట్టి లోపల తుప్పు ఎంతుందో చెప్పేవాడివి, నన్ను కనిపెట్టవా? వెళ్ళి అమ్మాయితో చెప్తావని రెండు రోజులు భయపడ్డాను."

నేల చూస్తున్నాను.

"నువ్వు చెప్పలేదు. ఓహో, అంత లేదన్నమాట, బావ చూసి పర్వాలేదనుకున్నాడు, అని ధైర్యం తెచ్చుకున్నాను."

నర్సు వచ్చి మందుల చీటీ ఇచ్చింది. నేనే వెళ్ళి తెచ్చాను. వరస పెద్దది. ఆ వరసలో ఎంతసేపైనా నిలబడొచ్చు అనిపించింది.

మార్చి 1

ఏమీ లేదు.

మార్చి 6

బావ బండిని తాళ్ళు కట్టి లాగించి మా పెరట్లోకి పంపాడు. నీ దగ్గరే ఉండనీ అన్నాడట. కొనేవాడు చూసి వెళ్ళిపోయాడట. చొట్ట బండి ఎవరికి కావాలి.

తలుపు లోపలికి వెళ్ళిపోయింది. మధ్యలో రేకు గిన్నెలాగా గుంటపడింది. కిటికీ అద్దం పొడయింది. హ్యాండిలు ఉంది. ఊలు ఉంది.

గోనెపట్టా కప్పేశాను.

మార్చి 15

బావ ఇంటికి వెళ్ళాను. ఇంటిముందు కుర్చీలో ఉన్నాడు. అమ్మాయి లోపల మంచంమీద ఉంది. మిషను గోడవైపు తిప్పి పెట్టి ఉంది.

"తలుపు విప్పుకున్నావా?" అన్నాడు.

"లేదు."

"విప్పుకో. దానికోసమే కదా ఇన్నాళ్ళూ తిరిగింది."

నేను తలెత్తలేదు.

"నాకు తెలీదనుకున్నావా? వచ్చిన ప్రతిసారీ బండి చుట్టూ ఒక ప్రదక్షిణం చేసి ఆ పక్కకే చేరతావు. ఊలు పట్టుకుని చూస్తావు. అడగరా బాబూ అడుగు అనుకునేవాడిని. నువ్వేమో లైటంటావు, మూతంటావు. నీ పెరట్లో నా బండి సగం చేరింది, ఆ తలుపు తప్ప."

"ఇచ్చేయొచ్చు కదా" అన్నాను. అంత మాట నేనెలా అన్నానో తెలియదు.

"ఇచ్చేయొచ్చు." వీధివైపు తిరిగాడు. "చెల్లెమ్మ పోయాక నువ్వు నా షెడ్డుకి తప్ప ఎక్కడికి వెళ్ళావు? తలుపు చేతికొస్తే అదీ మానేస్తావు. ఇంట్లో కూర్చుంటావు. నాకు మాత్రం ఎవరున్నారు, పొద్దున్నే వచ్చి దగ్గేవాళ్ళు?"

లోపలనుంచి అమ్మాయి, "నాన్నా, మామయ్యకి మంచినీళ్ళయినా ఇచ్చారా?" అని అడిగింది. ఎప్పటి గొంతే.

లేచి వచ్చేశాను. లోపలికి వెళ్ళి పలకరించలేదు. నిద్రపోతుందేమో అనుకున్నాను. మాట్లాడుతున్న మనిషి నిద్రపోతుందేమో అనుకున్నాను.

మార్చి 27

తలుపు విప్పాను. కీలు మేకులు వంగిపోయి రావడానికి మొండికేశాయి. చట్రం నిప్పులో కాల్చి సరిచేశాను. గడియ మార్చాను. కిటికీకి కొత్త అద్దం వేశాను. ఊలులో చిక్కుకున్న గాజు ముక్కల్ని ఒక్కొక్కటే సూదితో తీశాను.

బయట గుంట మిగిలింది. వెనకనుంచి దిమ్మె ఆనించి సుత్తి ఎత్తాను. ఇలాంటివి కళ్ళు మూసుకుని లేపేవాడిని. ఒక్క దెబ్బ వేశాను. రేకు గంటలాగా మోగింది. రెండోది వేయలేకపోయాను.

గుంటతోనే నా బండికి బిగించాను, వెనక చూసుకునే అద్దం కూడా దీనికే మార్చాను. పడుతోంది, మూసుకుంటోంది.

మార్చి 28

ఊలు హ్యాండిలు. బండి ఎక్కి పక్క సీట్లో కాసేపు కూర్చుని దిగాను. నా చేతికి అది చిన్నది. ఆమె చేతికి కుట్టుకుంది.

ఏప్రిల్ 5

బావ కబురు పెట్టాడు. రేపు అమ్మాయిని డాక్టరుకి చూపించాలి, ఆటోలో కుదుపులు తట్టుకోలేదు, నీ బండిలో తీసుకెళ్తావా అని. తీసుకెళ్తానన్నాను.

రేపు చెప్తాను. ఇద్దరమే ఉంటాం కదా.

ఏప్రిల్ 6

బండి కడిగి, వాళ్ళ ఇంటిముందు ఆపాను. అమ్మాయి చేతికర్ర మీద వచ్చింది. బావ కుడి పక్కన పట్టుకుని నడిపించాడు. దిగి వెళ్ళి ఎడమ తలుపు తెరుద్దామనుకున్నాను. ఆమె అప్పటికే దాని ముందుకి వచ్చి నిలబడింది.

నేను గుంట లేపలేదని అప్పుడు గుర్తొచ్చింది. గుర్తు రావడమేమిటి. రోజూ చూస్తూనే ఉన్నాను. ఆమె చూస్తుందని తోచలేదు.

కర్ర చంకలోకి మార్చుకుని గుంటలో అరచేయి పెట్టింది. రెండో చేయి తన ఎడమ తొడమీద పెట్టుకుంది. రెండూ ఒక్క ఎత్తులోనే ఉన్నాయి.

"ఇది మా బండిదే కదా?"

"అవునమ్మా."

"బాగుచేయలేదేం?"

"చేతకాలేదు."

బావ, "ఏంటి, ఎందుకాగారు?" అన్నాడు. ఆయనకి తలుపు కనపడటం లేదు. ఆయన ఎడమ పక్కకి ఉంది.

"ఏం లేదు నాన్నా, మీరు లోపలికి వెళ్ళండి." ఆయన వెళ్ళేదాకా ఆగింది. తర్వాత నన్ను చూసి అడిగింది. గొంతు పెంచలేదు.

"ఆ రోజు మీ ఇంటికొచ్చి ఒక మాట అడిగాను. గుర్తుందా మామయ్యా?"

"గుర్తుంది."

"మీకు అప్పటికే తెలుసా?"

ఇదే నేను చెప్దామనుకున్న మాట. ఆమే అడిగేసింది. నేను చేయాల్సింది అవుననడమే.

తల ఊపాను.

ఆమె గుంటలోంచి చేయి తీసింది. బయటివాళ్ళు చూస్తే ఏదో దారి గురించి మాట్లాడుకుంటున్నామనుకునేవాళ్ళు. చివరికి, "మిషనుకి మోటారు పెట్టించుకోవాలి. ఒంటికాలితో తొక్కలేను కదా" అంది. నాతో అన్నట్టు లేదు.

ఆ తలుపు తీయలేదు. చుట్టూ నడిచి, కుడివైపు వెనక తలుపు తనే తీసుకుని ఎక్కింది. కాలు సీటుమీద బారుగా చాపుకుంది. సాయం చేయబోతే, "నేను చూసుకుంటాను" అంది. మామయ్యా అనలేదు.

మా ఆవిడని ఆసుపత్రికి తీసుకెళ్ళిన దారే. ఎడమ అద్దంలో వెనక వచ్చే బండ్లన్నీ బాగా కనిపించాయి. ఎవరూ దగ్గరికి రాలేదు. మెల్లగా నడిపాను. ఆమె ఒక్క మాట కూడా మాట్లాడలేదు. నేనూ మాట్లాడలేదు, నాకు అలవాటే.

పెద్ద కూడలిలో ఎర్ర లైటు పడి ఆగాము. పక్క సీటు ఖాళీ. ఇంజను కుదుపుకి హ్యాండిలు కొంచెం ఊగుతోంది. ఎర్ర ఊలు మీద ఎండ పడింది. ఒకసారి పట్టుకుందామని చేయి చాచాను.

నా సీట్లోంచి అందదు.